విశాఖ క్రికెట్ ప్రయాణాలలో మార్పు: మా ప్రయాణికులకు వివరణ

విజయవాడ, గుంటూరుల నుంచి మా టెంపో ట్రావెలర్లలో విశాఖపట్నం మ్యాచ్‌లకు వస్తున్న వారందరికీ నమస్కారం. ఇకపై డే-నైట్ వన్డేలకు, టీ20లకు వెళ్ళిన బండి అదే రాత్రి తిరిగి రాదు. రాత్రికి స్టేడియం ఉన్న మధురవాడ పరిసరాల్లో బస చేసి, మర్నాడు ఉదయం టిఫిను అయ్యాక బయలుదేరుతాము. దీనివల్ల మనిషికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. ఆ సంగతి దాచి, దీనికి కొత్త ప్యాకేజీ అని పేరు పెట్టి అమ్మడం నాకు ఇష్టం లేదు.

విజయవాడ బెంజి సర్కిల్ నుంచి ఆ స్టేడియం 350 కిలోమీటర్ల పైమాటే. ఏలూరు, రాజమహేంద్రవరం, తుని, అనకాపల్లి మీదుగా, భోజనానికి ఆగడంతో కలిపి, ఏడు గంటలకు తక్కువ కాదు. మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలైన వన్డే పూర్తిగా సాగితే రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, టీ20 అయితే పదిన్నర దాటుతుంది. ఆ జనంలోంచి మనవాళ్ళందరినీ పోగుచేసుకుని హైవే ఎక్కేసరికి అర్ధరాత్రి. తెల్లవారుజామున స్టీరింగు పట్టిన మనిషి చేత మళ్ళీ తెల్లవార్లూ బండి నడిపించడం ఇక నావల్ల కాదు. రెండో డ్రైవరును పెట్టవచ్చు కదా అంటారు కొందరు. కదిలే బండిలో వెనక సీట్లో తీసిన కునుకును నేను నిద్రగా లెక్కించను.

త్వరగా బయలుదేరాలన్న తొందరలో అసలు చూడవలసింది చూడకుండా వచ్చేయడం మరో నష్టం. 2018 అక్టోబరు 24న ఇక్కడే కోహ్లీ 157 పరుగులతో అజేయంగా నిలిచి, వన్డేల్లో పదివేల పరుగులు పూర్తి చేసిన మ్యాచ్‌లో, వెస్టిండీస్ గెలుపునకు చివరి బంతికి ఐదు పరుగులు కావలసి ఉండగా షై హోప్ ఫోర్ కొట్టి టై చేశాడు. 2023 నవంబరు 23న ఆస్ట్రేలియాతో టీ20లో చివరి బంతికి భారత్‌కు ఒక్క పరుగు కావాలి. రింకూ సింగ్ సిక్సర్ కొట్టినా అది నోబాల్ (నియమం తప్పి వేసిన బంతి) కావడంతో, దానికి వచ్చే ఒక్క పరుగుతోనే మ్యాచ్ అప్పటికే ముగిసి, ఆ ఆరు పరుగులు లెక్కలోకి రాలేదు. ఆ సమయానికి పార్కింగ్‌లో చెప్పులు దులుపుకుంటున్నవారికి వినబడేది స్టాండ్లలోని కేక మాత్రమే.

ఇందుకు విరుద్ధంగానూ జరుగుతుంది. 2023 మార్చి 19న భారత్ 26 ఓవర్లలో 117 పరుగులకే ఆలౌటైతే, ఆస్ట్రేలియా 11 ఓవర్లలో పని ముగించింది. మ్యాచ్ సగంలోనే అయిపోయిందని చార్జీ తగ్గించమంటే కుదరదు. డీజిలు ఓవర్ల లెక్కన కాలదు. అయితే బండి కదలక ముందే మ్యాచ్ రద్దయితే చార్జీ మొత్తం వాపసు ఇస్తాను. 2014 అక్టోబరు 14న జరగవలసిన వెస్టిండీస్ వన్డే హుద్‌హుద్ తుఫాను వల్ల రద్దయిన సంగతి తెలిసిందే. గదుల అడ్వాన్సు మాత్రం లాడ్జివారు తిరిగి ఇస్తేనే మీకు ఇవ్వగలను.

టెస్టు మ్యాచ్‌ల ప్రయాణంలో మార్పేమీ లేదు. ముందు రోజు సాయంత్రానికి చేరి, మర్నాడు పొద్దుటి నుంచి ఆట చూసి, సాయంత్రం తిరుగుముఖం పట్టడమే. నన్నడిగితే ఆ మైదానాన్ని చూడవలసింది టెస్టు రోజునే. తొమ్మిదిన్నరకు మొదటి బంతి పడేటప్పటికి వెనకనున్న తూర్పు కనుమల కొండలు పచ్చగా, స్పష్టంగా కనిపిస్తాయి. ఫ్లడ్‌లైట్లు వెలిగాక అవి చీకట్లో కలిసిపోతాయి. టెస్టు ఓపెనరుగా రోహిత్ శర్మ తన మొదటి మ్యాచ్‌లోనే 176, 127 చేసింది 2019లో ఇక్కడే. 2024 ఫిబ్రవరిలో బుమ్రా యార్కరు (కాళ్ళ దగ్గర పడే బంతి) ఇంగ్లాండ్ బ్యాటరు ఓలీ పోప్ స్టంపులను పెకలించిందీ ఇక్కడే.

మహిళల మ్యాచ్‌లకు కూడా తగినంతమంది పేర్లిస్తే బండి వేస్తాను. 2025 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన మైదానం ఇది. మన కృష్ణా జిల్లా వికెట్‌కీపర్ రావి కల్పన పేరు ఇక్కడి ఒక గేటుకు పెట్టారు.

మన విజయవాడలోనే మ్యాచ్ ఉంటే ఈ తిప్పలు ఎందుకని కొందరు అంటుంటారు. నిజమే, కానీ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పురుషుల వన్డే జరిగింది 2002 నవంబరు 24న, వెస్టిండీస్‌తో, మళ్ళీ రాలేదు.

చివరగా, టికెట్లు మేము కొనిపెట్టము, ఎక్కువ ధరకు ఇప్పించము. మీ టికెట్టు మీరు ఆన్‌లైన్‌లో తీసుకున్నాకే సీటుకు డబ్బు కట్టండి.