ఫ్లోటింగ్ గేట్ సప్లై నుంచే కరెంట్ సెన్సింగ్ చిప్‌కు 5 వోల్టులు: సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

మోటార్ డ్రైవ్‌లో షంట్ (కరెంట్ పారే దారిలో పెట్టే చిన్న రెసిస్టర్) మీది వోల్టేజ్ చూసి ఫేజ్ కరెంట్ కొలిచే ఏఎంసీ1301 చిప్‌కు హై సైడ్ (షంట్ వైపు) 5 వోల్టులు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న ప్రశ్నకు ఓపిగ్గా జవాబులు రాసిన వారందరికీ ధన్యవాదాలు. మూడు ఫేజులూ ఇప్పుడు చక్కగా పనిచేస్తున్నాయి. ఇదే పని పెట్టుకున్నవారికి అక్కరకొస్తుందని, మీరిచ్చిన సలహాలను లెక్కలతో సహా ఒకచోట పెడుతున్నాను.

మొదటి నమస్కారం రెసిస్టర్ లెక్క కట్టిచ్చిన సర్‌కి. పై స్విచ్ (ఫేజ్‌ను ప్లస్‌కు కలిపేది) గేట్ డ్రైవర్‌కున్న 15 వోల్టుల ఫ్లోటింగ్ సప్లై (మామూలు గ్రౌండ్‌తో కాక ఫేజ్‌తో పాటు పైకీ కిందికీ కదిలేది) నుంచి ఒక రెసిస్టర్, దాని తర్వాత 5.1 వోల్టుల జీనర్ (వోల్టేజ్‌ను స్థిరంగా పట్టి ఉంచే డయోడ్). చిప్‌కు 8 మిల్లీయాంపులు, జీనర్‌కు 4, మొత్తం 12 అనుకుంటే 825 ఓమ్‌లు వస్తుంది, 820 పెట్టాలి. అందులో వేడి 0.12 వాట్లే కాబట్టి పావు వాట్ రకం చాలు. జీనర్ మీద 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్, చిప్ కాళ్లకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్‌ది. చేతికందిందని 5.6 వోల్టుల జీనర్ వాడొద్దు, చిప్‌కు సిఫారసు చేసిన గరిష్ఠం 5.5. జీనర్ బదులు ఎల్ఎం317 రెగ్యులేటర్ పెట్టేవారు దాని కనీస లోడ్ చూసుకోవాలి: 10 మిల్లీయాంపుల దాకా అడగొచ్చు. చిప్ ఒక్కటే అంత లాగదు, దాని వోల్టేజ్‌ను నిర్ణయించే ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు మిగతాది లాగాలి.

బూట్‌స్ట్రాప్ (పై స్విచ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఒక కెపాసిటర్‌ను నింపి, దాన్నే ఫ్లోటింగ్ సప్లైగా వాడే పద్ధతి) గురించి హెచ్చరించిన మేడమ్‌కి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. గేట్ చార్జ్ 500 నానోకూలంబ్‌లున్న ఐజీబీటీ రకం స్విచ్‌ను 10 కిలోహెర్ట్జ్‌లో నడిపితే గేట్ సగటున తీసుకునేది 5 మిల్లీయాంపులు. అంటే తోకలాంటి సెన్సర్ పైన చెప్పిన 12 మిల్లీయాంపులతో గేట్‌కి రెట్టింపు కన్నా ఎక్కువే తింటోంది! బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్లయితే, పై స్విచ్ 100 మైక్రోసెకన్లు ఆన్‌లో ఉన్నప్పుడు పడేది 0.12 వోల్టులే. అదే స్విచ్ 10 మిల్లీసెకన్లు ఆన్‌లో ఉండిపోతే లెక్క 12 వోల్టులకు చేరుతుంది. దానికి చాలా ముందే డ్రైవర్ అండర్ వోల్టేజ్ లాకౌట్‌లోకి (సప్లై తగ్గితే స్విచ్‌ను ఆపేసే రక్షణలోకి) పోతుంది. అందుకే ప్రతి పై స్విచ్‌కూ విడి ఐసొలేటెడ్ డీసీ-డీసీ (మిగతా సర్క్యూట్‌తో విద్యుత్ కలయిక లేని సప్లై) పెట్టడమే మేలు.

ఇంకో మెలిక నెగటివ్ బయాస్ ఉన్న (ఆఫ్‌లో గేట్‌ను మైనస్‌లో ఉంచే) సప్లైలో ఉంది. 23 వోల్టులను జీనర్, రెసిస్టర్‌లతో ప్లస్ 15, మైనస్ 8గా విడగొట్టినప్పుడు ఎమిటర్ (ఐజీబీటీ నుంచి కరెంట్ బయటికొచ్చే కాలు) నుంచి మైనస్‌కు పోయే రెసిస్టర్ 1.6 కిలోఓమ్‌లయితే, అందులో పారేది 5 మిల్లీయాంపులు. దాని మీద 12 మిల్లీయాంపుల లోడ్ పడితే 15 వోల్టుల జీనర్‌కు కరెంటే మిగలదు, ప్లస్ 15 వోల్టులు కుంగిపోతాయి. ఆ రెసిస్టర్‌ను 470 ఓమ్‌లకు తగ్గిస్తే 17 మిల్లీయాంపులు పారి జీనర్ నిలబడుతుంది. వేడి 0.14 వాట్లు.

గ్రౌండ్ ఎక్కడ కలపాలో బొమ్మ గీసి చూపిన అన్నకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే. చిప్ గ్రౌండ్ షంట్‌కు ఎమిటర్ వైపు చివరే కలవాలి, నెగటివ్ ఇన్‌పుట్ కూడా ఆ వైపుదే. గేట్ రిటర్న్ ట్రేస్ (గేట్ కరెంట్ తిరిగొచ్చే బోర్డు మీది రాగి గీత) దారిలో మాత్రం కలపకూడదు. 4 యాంపులు 20 నానోసెకన్లలో మారితే 10 నానోహెన్రీల ట్రేస్ మీద 2 వోల్టులు పుడతాయి. చిప్ కొలిచేదేమో ప్లస్ మైనస్ 250 మిల్లీవోల్టులు. నాలుగు కాళ్ల షంట్‌లో లోపలి రెండు ఇన్‌పుట్‌లకు, బయటి కాలొకటి గ్రౌండ్‌కు. ఇన్‌పుట్‌కు చెరో 10 ఓమ్‌లు, మధ్యలో 10 నానోఫారడ్లు వేసినా గెయిన్‌లో తేడా దాదాపు 0.1 శాతమే.

చివరగా, స్టార్టప్ సంగతి అడిగిన తమ్ముడికి. హై సైడ్ సప్లై లేనప్పుడు ఈ చిప్ అవుట్‌పుట్ మైనస్ 2.5 వోల్టులు దాటి కూర్చుంటుంది. అప్పుడు ఆఫ్‌సెట్ క్యాలిబ్రేషన్ (కరెంట్ లేనప్పటి రీడింగ్‌ను సున్నాగా గుర్తుపెట్టుకోవడం) చేస్తే ఆ విలువే సున్నాగా నమోదవుతుంది, కాబట్టి సప్లై నిలబడే దాకా సాఫ్ట్‌వేర్ ఆగాలి. ఖర్చుకు వెనకాడనివారికి లోపలే డీసీ-డీసీ ఉన్న ఏఎంసీ3301 ఎలాగూ ఉంది.