వంటలక్కకు వీడ్కోలు

సంపాదకులకు నమస్కారం.

స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైన 'కార్తీక దీపం' సీరియల్ 2023 జనవరి 23న ముగిసింది. ఐదేళ్లకు పైగా రాత్రి ఏడున్నరకు మా ఇంట్లో మరో పని జరిగేది కాదు. మా అత్తగారు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని ముందే కూర్చునేవారు. వంటలక్కగా పేరుపడ్డ నల్లని నాయిక దీప కంటతడి పెడితే ఆవిడ చెయ్యి ఆగిపోయేది, ఈనె సగం తీసిన కాయ వేళ్ల మధ్యే ఉండిపోయేది.

మా అమ్మాయి నలుపు. 'పిల్ల కళగానే ఉంది, కానీ...' అనే మాట చుట్టాల నోట ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఒక ఆదివారం తలకు నూనె రాస్తూ అత్తగారే దాన్ని 'అచ్చం మన వంటలక్కవే' అని మురిసిపోయారు. అది లేచి వెళ్లి అద్దంలో చూసుకుంది. ఆ మాట కోసం నేను ఏళ్ల తరబడి ఎదురుచూశాను.

కథ సాగదీశారు, నిజమే. 2022లో దీపను, ఆమె భర్త డాక్టర్ బాబును ప్రమాదంలో పోగొట్టి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి, మళ్లీ వాళ్లిద్దరినీ తీసుకురావడం నాకు నచ్చలేదు. దీపగా నటించిన ప్రేమి విశ్వనాథ్ గారిని మేకప్‌తో నల్లగా చూపించడం అంతకన్నా బాధ. అయినా ఆమె నటనకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వచ్చే సీరియల్‌కైనా సహజంగా నల్లగా ఉన్న మన తెలుగమ్మాయిని నాయికగా తీసుకోమని నిర్మాతలకు మీ పత్రిక ద్వారా నా మనవి.

– ఒక పాఠకురాలు, తెనాలి