ఈ పెద్ద పండక్కి అరిసెలు తక్కువ, తడిపిండి ఎక్కువ

విజయనగరంలో మన కొట్టుకి వచ్చే అమ్మలకీ అన్నలకీ నమస్కారం.

మొన్న శనివారం పట్టుకెళ్లిన అరిసెలు గట్టిగా ఉన్నాయని చాలామంది చెప్పారు. నిజమే, పాకం ముదిరిపోయింది. తప్పు మాదే. ఆ రోజు కొన్నవాళ్లు డబ్బులు వెనక్కి తీసుకోండి, లేదంటే కొత్త వాయిలోవి పట్టుకెళ్లండి.

పెద్ద బాణలిలో పొయ్యి ఆపాక కూడా ఆ వేడికి బెల్లం ముదురుతూనే ఉంటుంది. పిండంతా పోసి కలిపేసరికి ఉండపాకం కాస్తా దాటిపోతుంది. అందుకని ఇకమీదట ఒకసారికి 3 కిలోల బియ్యానికి మించి పాకం పట్టం. రోజుకి 25 కిలోల అరిసెలే అవుతాయి. సారె పెట్టేవాళ్లకి ముందు ఇస్తాం. ధర పాతదే, కిలో 480 రూపాయలు.

మిగతావాళ్లకి తడిపిండి ఆడించి ఇస్తాం, కిలో 90. బియ్యం 24 గంటలు నానబెట్టి, మూడుసార్లు నీళ్లు మార్చి, వాడ్చి, పావుగంట గుడ్డ మీద ఆరనిచ్చి మరపట్టిస్తాం. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. ఆ తడి ఆరిపోయిందంటే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది. పొద్దున్న 6కి తీసుకున్న పిండి 9 లోపు పాకంలో పడాలి. అంతవరకూ గిన్నెలో నొక్కిపెట్టి తడిగుడ్డ కప్పండి. నెల్లిమర్ల దాకా ఫర్వాలేదు గానీ, పార్వతీపురం బస్సుకి వెయ్యమంటే వెయ్యలేం.

కిలో బియ్యం ఆడిస్తే తడిపిండి సుమారు కిలోంపావు వస్తుంది. దానికి ముప్పావు కిలో బెల్లం. టీగ్లాసుడు నీళ్లలో కరిగించి, ఇసక లేకుండా వడకట్టి, మళ్లీ పొయ్యెక్కించండి. నిమిషాలు లెక్కపెట్టకండి, ఒక్కో బెల్లంలో ఒక్కో పాటి తేమ ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి చుక్క వేసి చూడండి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కావాలి. జారిపోతే లేత. పళ్లానికి కొడితే టంగుమంటే పల్లీ ఉండలకే పనికొస్తుంది, అరిసెలకి కాదు. మేం శనివారం దాదాపు అక్కడికే పోయాం.

ఉండ రాగానే దించి, రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, గుప్పెడు నువ్వులు వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ ఒకరు తెడ్డుతో తిప్పాలి. గుప్పెడు పిండి పక్కన ఉంచుకోండి. మొదటి అరిసె విరిగితే అది కలపాలి. చలిమిడి గట్టిపడితే గోరువెచ్చటి పాలు చిలకరించి మర్దించండి. కాకపోతే పాలు కలిపినవి నాలుగు రోజుల్లో తినేయాలి.

నూనె మధ్యస్థంగా కాగితే చాలు. పొగలొస్తే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉండిపోతాయి. తీసిన వెంటనే అరిసెల చెక్కలతో నొక్కి నూనె వాడ్చి, విడివిడిగా పరవండి. వేడిమీద ఒకదానిమీదొకటి పేర్చి డబ్బా మూత పెడితే ఆవిరి పట్టి బూజొస్తుంది.

పిండి కావలసినవాళ్లు రెండు రోజులు ముందు చెప్పండి, బియ్యం నానాలి. భోగి ముందురోజు పిండి ఉండదు, ఆ రోజు మర ఖాళీ ఉండదు.