స్పానిష్ క్రియలు నేర్చుకోవడానికి ఇంగ్లీషు మీదుగా వెళ్ళాలా?

సంపాదకుల వారికి,

మీ విద్యా పేజీలో విదేశీ భాషల కోర్సుల గురించి అడపాదడపా రాస్తున్నారు, సంతోషం. కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు ఫోన్లో స్పానిష్ మొదలుపెట్టే పిల్లలు కనిపిస్తున్నారు. మన చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. అక్కడ వరసగా ఉన్నవన్నీ స్పానిష్ మాట్లాడే దేశాలే. కాబట్టి ఇది మనకు మరీ దూరపు భాషేమీ కాదు. అయితే మొదలుపెట్టినవాళ్ళు చాలామంది క్రియారూపాల దగ్గర చతికిలబడుతున్నారు. పాఠాలన్నీ ఇంగ్లీషువాళ్ళ కోసం రాసినవి. ఇంగ్లీషువాడికి కష్టమైనదాన్ని మనవాళ్ళు కూడా కష్టమనుకుని బెదిరిపోతున్నారు. తెలుగువాళ్ళు నిజంగా తప్పటడుగు వేసే చోట్ల గురించి ఆ పాఠాల్లో ఒక్క ముక్క ఉండదు.

ముందు లిపి సంగతి. స్పానిష్ మాటను నోటుబుక్కులో తెలుగులో రాసుకోవడం తప్పేమీ కాదు. త, ద, ర మన పలుకుకు బాగా దగ్గర. పైగా మనకు ఎ, ఏ, ఒ, ఓ అని హ్రస్వదీర్ఘాలున్నాయి. స్పానిష్‌లో ప్రతి మాటలో ఒక చోట ఊనిక (నొక్కి పలకడం) పడుతుంది. ఆ అచ్చును దీర్ఘంగా, మిగతావి హ్రస్వంగా రాసుకుంటే సరి. ‘ఆబ్లొ’ అంటే మాట్లాడతాను. ‘అబ్లో’ అంటే ఆయనో ఆమో మాట్లాడారు. రోమన్ లిపిలో ఈ రెంటికీ తేడా చివరి అక్షరం మీద చిన్న గీత మాత్రమే. పరీక్షలో ఆ గీత మరిచిపోతే మనిషీ కాలమూ రెండూ మారిపోతాయి. ఈ ఉత్తరంలో స్పానిష్ మాటలన్నీ ఈ పద్ధతిలోనే, లాటిన్ అమెరికా పలుకుబడిలో రాశాను.

ఇక ప్రత్యయాలు. ఇంగ్లీషు భూతకాలంలో నేనైనా, వాడైనా, వాళ్ళైనా క్రియ ఒకటే. అందుకే అక్కడి పాఠాల్లో ఆరు గడుల పట్టికను పెద్ద గండంలా చూపిస్తారు. వచ్చాను, వచ్చావు, వచ్చారు అని పుట్టినప్పటి నుంచీ అంటున్నవాళ్ళకు అందులో కొత్తేముంది? మనం ‘నేను’ అనకుండానే మాట్లాడతాం, వాళ్ళూ అంతే. వాక్యవాక్యానికీ ‘యొ’ తగిలిస్తే ‘నేనైతే, నేనైతే’ అని నొక్కుతున్నట్టు వినిపిస్తుంది.

మర్యాద రూపం కూడా మనకు కలిసొచ్చేదే. ‘ఉస్తేద్’ అంటే మీరు. దానికి ‘ఆయన’కు వాడే క్రియారూపమే ఎందుకు వాడాలని ఇంగ్లీషు పుస్తకం రెండు పేజీలు వివరిస్తుంది. మీరు వచ్చారు, ఆయన వచ్చారు అనేవాళ్ళకు ఆ వివరణ అక్కర్లేదు. వాడు, ఆమె అన్న తేడా స్పానిష్ క్రియలో లేనే లేదు కాబట్టి మనకు ఒక బరువు తగ్గింది కూడా. మేము, మనం రెండూ ఒకటే. ఆరు గడుల్లో ‘బొసోత్రొస్’ (చనువుగా ‘మీరందరూ’) గడి స్పెయిన్‌లోనే వాడుక. లాటిన్ అమెరికా కోసం నేర్చుకునేవాళ్ళు దాన్ని చదివితే గుర్తుపట్టేలా ఉంచుకుని, అయిదు గడులతో మొదలుపెట్టవచ్చు.

వర్తమానంలో మూలరూపం -ఆర్‌తో ముగిసే క్రియలకు (అబ్లార్, మాట్లాడడం) నేను, నువ్వు, ఆయన/ఆమె, మేము, వాళ్ళు అన్న వరసలో ఆబ్లొ, ఆబ్లస్, ఆబ్ల, అబ్లామొస్, ఆబ్లన్. -ఏర్ క్రియలకు (కొమేర్, తినడం) కోమొ, కోమెస్, కోమె, కొమేమొస్, కోమెన్. -ఈర్ క్రియలు (బిబీర్, నివసించడం) ఈ రెండో వరసలోనే నడుస్తాయి, ఒక్క ‘మేము’ గడిలో మాత్రం బిబీమొస్. అంటే మూడో పట్టిక విడిగా బట్టీ పట్టే పని లేదు.

ధాతువులో అచ్చు మారే క్రియల దగ్గర కంఠస్థం మానేసి కారణం చూడాలి. పెన్సార్ (ఆలోచించడం) ప్యేన్సొ అవుతుంది. పొదేర్ (చేయగలగడం) ప్వేదొ అవుతుంది. కానీ ‘మేము’ గడిలో మళ్ళీ పెన్సామొస్, పొదేమొస్. ఊనిక ధాతువు మీద పడినప్పుడే అచ్చు చీలుతుంది, ‘మేము’లో ఊనిక ప్రత్యయం మీదకు జరిగిపోతుంది. దీర్ఘాలు సరిగ్గా రాసుకున్నవాళ్ళకు ఇది కాగితం మీదే కనిపిస్తుంది. బుస్కార్ (వెతకడం), యెగార్ (చేరడం) భూతకాలంలో ‘నేను’కు స్పెల్లింగు మారుతుందని మినహాయింపుల జాబితాలో వేస్తారు. తెలుగులో బుస్కే, యెగే అని రాసి చూడండి, ఏమీ మారలేదు. రోమన్ లిపిలో ‘క’, ‘గ’ శబ్దాలను నిలబెట్టుకోవడానికి అక్షరం మార్చారంతే.

అసలు చిక్కు రెండు భూతకాలాల దగ్గర. జరిగి ముగిసిన పనికి ఒకటి: అబ్లే, అబ్లాస్తె, అబ్లో, అబ్లామొస్, అబ్లారొన్. సాగుతున్న స్థితికి, అలవాటుకు ఇంకొకటి: అబ్లాబ, అబ్లాబస్, అబ్లాబ, అబ్లాబమొస్, అబ్లాబన్. కొమేర్‌కు మొదటిది కొమీ, కొమీస్తె, కొమ్యో, కొమీమొస్, కొమ్యేరొన్. రెండోది కొమీయ, కొమీయస్, అలా. రెండో రకంలో దారి తప్పే క్రియలు భాష మొత్తంలో మూడే: ఈర్ (వెళ్ళడం: ఈబ), సేర్ (అయి ఉండడం: ఏర), బేర్ (చూడడం: బెఈయ).

అలవాటు వరకూ తెలుగు చేతిలో దీపంలా పనికొస్తుంది. ‘సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటేవాళ్ళం’ అంటే క్రుసాబమొస్. ‘నిన్న దాటాం’ అంటే క్రుసామొస్. ‘తెలుసు’, ‘తెలిసింది’ కూడా అంతే. అప్పటికే నాకు తెలుసు అంటే సబీయ, అప్పుడే నాకు తెలిసింది అంటే సూపె. ఇంగ్లీషులో రెంటికీ వేర్వేరు క్రియలు కావాలి కాబట్టి వాళ్ళ పుస్తకంలో దీనికి ప్రత్యేక అధ్యాయం ఉంటుంది.

కథనంలోకి దిగితే మాత్రం తెలుగు మోసం చేస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను గురించి ఎవరైనా చెబితే ఎలా చెబుతారు? ‘గాలి వీస్తోంది. వాన పడుతోంది. అందరం లోపల కూర్చున్నాం. కరెంటు పోయింది. కొబ్బరిచెట్టు ఇంటి మీద పడింది.’ వీస్తోంది, పడుతోంది అన్నవి రూపానికి వర్తమానాలు. మనవాళ్ళు వాటిని అలాగే వర్తమానంలో రాసేస్తారు. స్పానిష్‌లో అవి అసీయ బ్యేంతొ, యొబీయ అని రెండో భూతకాలంలో ఉండాలి. ‘కూర్చున్నాం’ ఇంకా ప్రమాదం. తెలుగులో అది కూర్చునే పనికీ, కూర్చుని ఉన్న స్థితికీ ఒకటే. నొస్ సెంతామొస్ అంటే ‘అప్పుడు వెళ్ళి కూర్చున్నాం’ అని అర్థం. ఇక్కడ కావలసింది ఎస్తాబమొస్ సెంతాదొస్. పడుకున్నాడు, నిలబడ్డాడు లాంటి మాటలన్నిటికీ ఇదే జాగ్రత్త. చివరి రెండు వాక్యాలు మొదటి భూతకాలం: సె ఫ్వే ల లూస్, కయో ఉన్ కొకొతేరొ. కరెంటు ‘పోవడం’ వాళ్ళ దగ్గరా పోవడమే.

ఇంకో మెలిక ఉంది. ‘మూడేళ్ళు నరసాపురంలో ఉండేవాళ్ళం’ అని మనం అనగలం. మూడేళ్ళు అని హద్దు గీసి, ఆ కాలాన్ని ముగిసినదిగా చెబుతుంటే స్పానిష్ మొదటి భూతకాలమే అడుగుతుంది: బిబీమొస్. ‘-ఏవాళ్ళం’ వినబడగానే కళ్ళు మూసుకుని రెండోది వేయకూడదు.

వర్తమానంలోనూ మన ‘-తున్నాను’ అలవాటు దెబ్బతీస్తుంది. ‘రేపు వస్తున్నాను’ అనే ధోరణిలో ఎస్తోయ్ (ఉన్నాను) తర్వాత ‘-ఆందొ, -యేందొ’ రూపం పెట్టేస్తారు. ఆ రూపం ఇప్పుడు జరుగుతున్న పనికే. రేపటి రాకకు మామూలు వర్తమానం చాలు. ‘పాలకొల్లులో ఉంటున్నాను’కు కూడా బీబొ ఎన్ పాలకొల్లు అంటే సరిపోతుంది. ‘ఆయన డాక్టరు’ లాంటి వాక్యంలో మనకు క్రియ లేదు కాబట్టి స్పానిష్‌లోనూ ‘ఎస్’ (సేర్‌కు ‘ఆయన’ రూపం) ఎగ్గొట్టడం మరో మామూలు తప్పు.

‘రేపు వచ్చినప్పుడు ఇవ్వు’ అన్న వాక్యం తీసుకోండి. ‘వచ్చిన’ అని ఉంది కదా అని భూతకాలం రాస్తారు. జరగబోయేదానికి ‘క్వాందొ’ (అప్పుడు, -నప్పుడు) తర్వాత సంభావ్య రూపం (సబ్జంక్టివ్) రావాలి: క్వాందొ బేంగస్. ఆ రూపం కట్టడం తేలికే. వర్తమానంలో ‘నేను’ రూపం తీసుకుని (తేంగొ, బేంగొ), చివరి ‘ఒ’ తీసేసి, -ఆర్ క్రియకు ‘ఎ’, మిగతావాటికి ‘అ’ తగిలించాలి. సేర్, ఈర్, సబేర్ (తెలియడం) లాంటి ఆరు క్రియలు ఈ సూత్రానికి లొంగవు, వాటిని విడిగా నేర్చుకోవాలి.

భవిష్యత్తు అన్నిటికన్నా సులువు. మూల క్రియను ముట్టుకోకుండా వెనక ఏ, ఆస్, ఆ, ఏమొస్, ఆన్ చేర్చడమే: అబ్లరే, అబ్లరాస్. రూపు మారే ధాతువులు పన్నెండు (తెంద్రే, పొద్రే, అరే, దిరే వగైరా). మాటల్లో ఎక్కువగా వినబడేది మాత్రం బోయ్ అ కొమేర్. అందులో ‘బోయ్’ అంటే పోతున్నాను. మన ‘తినబోతున్నాను’లో ఉన్నదీ అదే పోవడం.

‘మె గూస్త’ (నాకు నచ్చుతుంది) వాక్యాల గురించి బెంగపడకండి. పూతరేకులు నాకు నచ్చాయి, సినిమా నాకు నచ్చింది అన్నప్పుడు క్రియ దేన్నిబట్టి మారుతోంది? నచ్చినదాన్నిబట్టి. మె గుస్తారొన్, మె గుస్తో. ఇక్కడ ఇంగ్లీషు మీదుగా వెళ్ళడం శుద్ధ దండగ.

సాధన విషయం. ఎక్కాల్లా వరసగా అప్పజెబితే ‘వాళ్ళు’ రూపం కావలసినప్పుడల్లా ‘నేను’ నుంచి లెక్కపెట్టుకుంటూ రావాలి. ఎదుటివాడు అంతసేపు ఆగడు. ప్రశ్న జవాబుగా సాధన చేయాలి: కొమీస్తె? సీ, కొమీ. తిన్నావా? తిన్నాను. మొదట పట్టవలసినవి సేర్, ఎస్తార్ (ఒక చోట, ఒక స్థితిలో ఉండడం), తెనేర్ (కలిగి ఉండడం), అసేర్ (చేయడం), ఈర్, పొదేర్, దెసీర్ (చెప్పడం). అన్నీ వంకరటింకరవే, అన్నీ రోజూ కావలసినవే. ఈర్‌కు వర్తమానం బోయ్, భూతం ఫ్వీ, రెండో భూతం ఈబ. మన ‘రా, వచ్చాను’ కూడా బయటివాళ్ళకు అలాగే కనిపిస్తాయి. తూబె, ఈసె, దీహె లాంటి భూతరూపాల్లో ఊనిక ధాతువు మీదే ఉంటుంది, గీత పెట్టకూడదు. అబ్లే చూసిన అలవాటుతో తుబే అని పలికేవాళ్ళు ఎక్కువ.

స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతొ సెర్బాంతెస్ వారి స్పానిష్ పరీక్ష దేలెకు వెళ్ళేవారు మొదటి మెట్టు ఏ1కి వర్తమానం మీద, ఏ2కి భూతకాలాల మీద దృష్టి పెట్టాలి. సంభావ్య రూపాల బరువు బీ1లో మొదలవుతుంది. మొదటి నెలలోనే పద్నాలుగు కాలాల చార్టు గోడకు అంటించుకోవడం అనవసరం.

మీ పేజీలో ఇకముందు స్పానిష్ క్రియల పట్టిక వేసేటప్పుడు ఇంగ్లీషు అర్థం వేసే గడిలో తెలుగు క్రియారూపం వేయండి. రెండు భూతకాలాలకూ ‘దాటాం’, ‘దాటేవాళ్ళం’ అని పక్కపక్కనే అచ్చువేయండి. ‘వీస్తోంది’, ‘కూర్చున్నాం’ లాంటి వాక్యాలకు కింద విడిగా ఒక గమనిక ఇవ్వండి.

ఇట్లు,
స్పానిష్ అధ్యాపకురాలు,
అమలాపురం