ముందు నీ ఇ.సి.జి. తీయించుకో తల్లీ

తెనాలి

చిరంజీవి మాధవికి అమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నాన్న మోకాలి నొప్పి కొంత నయం.

ఉగాది నాడు ఫోనులో రెండు మాటలు మాట్లాడి, పని ఉందని పెట్టేశావు. ఆ తరువాత నీ గొంతు వినలేదు. మెసేజీలకు బొటనవేలి బొమ్మ వస్తోంది కానీ, దాన్నిబట్టి నువ్వు అన్నం తిన్నావో లేదో నాకెలా తెలుస్తుంది? పోయిన ఆదివారం రత్నమ్మత్త ఇంట్లో వ్రతానికి వెళ్ళినప్పుడు, సియాటిల్ నుంచి వచ్చిన వాళ్ళ కోడలు, "మాధవి ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోయిందట కదా పిన్నీ, ఇప్పుడెలా ఉంది?" అని అడిగింది. అంతమంది ముందు "బాగానే ఉందమ్మా" అని మాట మార్చాను. ఇంటికి వచ్చి మీ నాన్నకు కూడా చెప్పలేదు. అది అడగడానికే ఉత్తరం వ్రాస్తున్నానని అనుకోకు. జనవరిలో నువ్వు పంపిన పరిశోధన సారాంశం చదవడం పూర్తయింది కనుక దాని గురించి వ్రాద్దామని కూర్చున్నాను.

హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు మీద చేసిన ప్రయోగాలను నేను ఏటేటా బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేదాన్ని. సోడియం లోపలికి వస్తే విద్యుత్ తరంగం లేస్తుందని, పొటాషియం బయటకు పోతే అది అణగుతుందని పిల్లలు వల్లె వేసేవారు. జర్మనీలోని గాటింగెన్‌లో నేహర్, సక్‌మన్ 1976లో సన్నని గాజు గొట్టం మొనను కప్ప కండరకణం పొరకు ఆనించి, ఒకే ఒక్క ఛానెల్, అంటే సోడియం, పొటాషియం వంటివి పొరను దాటే సన్నని ద్వారం, తెరుచుకున్నప్పుడు పారే అతి స్వల్పమైన విద్యుత్తును కొలిచారని చదివినప్పుడు, అలాంటి పని చేసే మనుషులను చూడగలనని నేను ఊహించలేదు. ఇప్పుడు నా కూతురు రోజూ ఎలుక మెదడు ముక్కల మీద ఆ పనే చేస్తోంది. ఈ సంగతి ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతున్నానని నాన్న విసుక్కుంటున్నారు.

డ్రావే సిండ్రోమ్ గురించి నువ్వు వ్రాసిన భాగం రెండుసార్లు చదివాను. షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచి వైద్యురాలు 1978లో వర్ణించిన ఆ జబ్బులో, ఏడాది నిండని పసిపిల్లలకు జ్వరంతోనో, వేడినీళ్ళ స్నానంతోనో మూర్ఛలు మొదలవుతాయి. బెల్జియం శాస్త్రవేత్తలు 2001లో ఆ పిల్లల్లో సోడియం ఛానెల్‌ను తయారుచేసే ఎస్.సి.ఎన్.1ఎ జన్యువులో లోపాన్ని పట్టుకున్నారు. అక్కడ నాకొక సందేహం వచ్చింది. లోపం వల్ల సోడియం ప్రవాహం తగ్గుతున్నప్పుడు మెదడు మందగించాలి కానీ, మూర్ఛ ఎందుకు వస్తుంది? మీ సియాటిల్‌లోనే కాటరాల్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో ఎలుకల్లో చూపించినదాన్ని నువ్వు చక్కగా వివరించావు. ఆ ఛానెల్ మీద ఎక్కువగా ఆధారపడేవి మిగతా కణాలను అదుపు చేసే నిరోధక నాడీకణాలు. కావలివాళ్ళు నిద్రపోతే ఊళ్ళో అల్లరి పెరిగినట్టు, అవి నీరసిస్తే మెదడంతా అదుపు తప్పుతుంది. అందుకే సోడియం ఛానెళ్ళను అణచే కార్బమజెపీన్, ఫెనిటాయిన్ వంటి మందులు ఇతర మూర్ఛలకు మేలు చేసినా ఈ పిల్లలకు హాని చేస్తాయి. పేరు ఒకటే అయినా మూలం వేరైతే మందే శత్రువవుతుందని చదివాక నేను ఆ కాగితాలు పక్కన పెట్టి చాలాసేపు పెరట్లో కూర్చున్నాను.

నువ్వు పడిపోయినప్పుడు నిలబడి ఉన్నావా, కూర్చుని ఉన్నావా? మెట్లెక్కి వచ్చావా? ఏదైనా పెద్ద శబ్దం వినిపించిందా? పడబోయే ముందు కళ్ళు చీకట్లు కమ్మాయా, లేక ఏమీ తెలియకుండానే పడ్డావా? లేవగానే అంతా గుర్తుందా? ఇవన్నీ ఎందుకు అడుగుతున్నానో నీకు తెలియాలంటే ప్రసాదు మామయ్య గురించి నేనెప్పుడూ నీకు పూర్తిగా చెప్పని సంగతులు చెప్పాలి. కాలువలో మునిగిపోయాడనే నీకు తెలుసు.

వాడు ఏడో తరగతిలో ఉండగా బడి పరుగుపందెంలో గీత దగ్గరికి వచ్చి పడిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. అంతలోనే లేచి, "నేను ఎన్నోవాణ్ణి వచ్చాను?" అని అడిగాడు. మరుసటి ఏడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభ వెంట పరుగెత్తుతూ మళ్ళీ పడ్డాడు. అమ్మమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. తాతయ్య అలాంటివి నమ్మరు కనుక డాక్టరుకు చూపిస్తే, ఆయన మూర్ఛరోగమని చెప్పి గార్డినాల్ మాత్రలు వ్రాశాడు. ఆ మాత్రలతో వాడికి బళ్ళో నిద్ర ముంచుకొచ్చేది, లెక్కల్లో ఎప్పుడూ ముందుండేవాడు వెనుకబడ్డాడు. అయినా ఏడాదికి ఒకటి రెండుసార్లు పడుతూనే ఉన్నాడు. మందు వేసుకుంటున్నా పడ్డాడంటే మాత్ర ఎగ్గొట్టి ఉంటాడని ఇంటిల్లిపాదీ వాణ్ణే కోప్పడేవారు. వాడు ఎగ్గొట్టేవాడు కాదు, నా ఎదురుగానే వేసుకునేవాడు. మూర్ఛ వచ్చినవాళ్ళు లేచాక చాలాసేపు మగతగా, అయోమయంగా ఉంటారని, వీడు మాత్రం లేవగానే తేటగా మాట్లాడతాడని గమనించి తేడా ఏమిటని అడిగినవారు ఎవరూ లేరు. పడి ఉన్నప్పుడు మణికట్టు పట్టుకుని నాడి చూసినవారూ లేరు.

1976లో ఏరువాక వెళ్ళాక కాలువకు నీళ్ళు వదిలారు. వాడు అప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఊళ్ళో వాడంత ఈతగాడు లేడు. లాకుల దగ్గర గోడ మీద నుంచి దూకి, అవతలి గట్టుకు సగం దాకా బార మీద బార వేసుకుంటూ వెళ్ళాడు. నేను రేవులో ఉన్నాను. మునిగేవాడు చేతులు కొట్టుకుంటాడు, కేక వేస్తాడు. వాడు ఏదీ చెయ్యలేదు. బార వేస్తూ వేస్తూ ఆగిపోయి, అలాగే కిందికి వెళ్ళిపోయాడు. నీళ్ళలో మూర్ఛ వచ్చిందని డాక్టరు, కాలువ బలి తీసుకుందని ఊరు తేల్చేశాయి. అమ్మమ్మ చివరిదాకా ఆ కాలువ నీళ్ళు ముట్టలేదు.

నార్వేలో జెర్వెల్, లాంగె-నీల్సన్ అనే వైద్యులు 1957లోనే ఒక కుటుంబం గురించి వ్రాశారు. ఆరుగురు పిల్లల్లో నలుగురికి పుట్టుచెవుడు. ఆ నలుగురూ ఊరికే స్పృహ తప్పేవారు. వారిలో ముగ్గురు చిన్నతనంలోనే హఠాత్తుగా చనిపోయారు. వారి ఇ.సి.జి.లో క్యూటీ వ్యవధి, అంటే గుండె కింది గదులైన జఠరికలు ఉత్తేజితమైనప్పటి నుంచి తిరిగి విశ్రాంతికి వచ్చేదాకా పట్టే కాలం, ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉంది. చెవుడు లేకుండానే ఇదే లక్షణం ఉన్న కుటుంబాలను 1963లో ఇటలీలో రొమానో, 1964లో ఐర్లండ్‌లో వార్డ్ గుర్తించారు. అమెరికాలోని యూటాలో కీటింగ్ బృందం 1995, 1996లలో లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అనే ఈ జబ్బుకు కారణమయ్యే పొటాషియం, సోడియం ఛానెళ్ళ జన్యువులను పట్టుకుంది. పొటాషియం బయటకు పోవడం ఆలస్యమై గుండె కణం సకాలంలో సర్దుకోకముందే ఇంకొక తరంగం లేస్తే జఠరికలు కొట్టుకోవడం మాని అదురుతాయి. మెదడుకు రక్తం అందక మనిషి పడిపోతాడు, చేతులు కొట్టుకుంటాయి. గుండె తనంత తానే దారిలో పడితే వెంటనే తేటగా లేస్తాడు. చూసేవాళ్ళకు అది మూర్ఛలాగే ఉంటుంది. ఒక రకంలో పరుగు, ముఖ్యంగా ఈత, దాన్ని రేపుతాయి. ఇంకొక రకంలో నిద్రలో మోగిన గంట చాలు. ఇవన్నీ నీకు నాకంటే బాగా తెలుసు. అయినా వ్రాస్తున్నాను, ఎందుకంటే మెదడులో మూర్ఛ, గుండెలో మూర్ఛ అని విడదీసి చూడాలని నువ్వు నీ సారాంశం మొదటి పేజీలోనే వ్రాశావు.

వ్రతం నుంచి వచ్చిన మర్నాడే నేను గుంటూరు వెళ్ళి హృద్రోగ నిపుణుడికి ప్రసాదు కథంతా చెప్పాను. ఆయన ఓపికగా విని నాకు ఇ.సి.జి. తీయించారు. గుండె వేగాన్నిబట్టి సవరించిన క్యూటీ నాకు 475 మిల్లీసెకన్లు వచ్చింది. ఆడవాళ్ళకు 460 దాటితే చూసుకోవలసిందేనట. ఇది నిశ్చయంగా ఆ జబ్బేనని ఆయన అనలేదు, రక్తపరీక్షలూ జన్యుపరీక్షా చేయించమన్నారు, వాటికి రక్తం ఇచ్చి వచ్చాను. నా గురించి దిగులు పడకు; ఈ వయసు దాకా నేను ఎన్నడూ పడిపోలేదు. కానీ అది నాలో ఉంటే నీకు వచ్చే అవకాశం సగానికి సగం. ఈ లెక్క నేనే ఎందరికో తరగతి గదిలో చేయించాను.

నువ్వు ఈత నేర్చుకుంటున్నావని, కొలను దగ్గర ఫోటో పంపావని బుజ్జి చెప్పాడు. పరీక్ష అయ్యేదాకా నీళ్ళలో దిగవద్దు. నేర్పేవాళ్ళు పక్కన ఉన్నారని చెప్పవద్దు, ఆ రోజు గట్టు మీద అంతమందిమి ఉన్నాము. గొంతు నొప్పి వస్తే ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన అజిత్రోమైసిన్ నీ అంతట నువ్వు వేసుకోకు, ఆ జాతి మందులు క్యూటీని పెంచుతాయి. టెర్ఫినడిన్ అనే అలర్జీ మాత్ర గుండెలోని హెర్గ్ అనే పొటాషియం ఛానెల్‌ను అడ్డుకుని ప్రాణాలు తీస్తోందని తేలాక 1998లో మీ దేశంలో బజారులోంచి తీసేశారు. అప్పటిదాకా దాన్ని జలుబు మాత్రంత తేలికగా వాడేవారు. ఏ మందు వేసుకోవలసి వచ్చినా ముందు మీ డాక్టరుకు ఇంట్లో చిన్న వయసులో ఒకరు పోయారని చెప్పు. రాత్రి పొద్దుపోయేదాకా కాఫీతో సరిపెట్టి తిండి మానకు. రక్తంలో పొటాషియం తగ్గితే ఆ ఛానెల్ ఇంకా మందగిస్తుందని చదివాను. అరటిపండు తినడానికి ఎంతసేపు పడుతుంది? పప్పు వండుకోవడానికి తీరిక లేకపోతే కందిపొడి ఉంది కదా, నెయ్యి వేసుకుని వేడన్నంలో కలుపుకో. నెయ్యి అయిపోతే చెప్పు.

మామూలుగా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగుందని ఊరుకోవద్దు. జన్యులోపం ఉన్నా విశ్రాంతిలో క్యూటీ సరిగానే కనబడేవారు ఉంటారు. నడిపించి తీసే పరీక్ష, ఒక రోజంతా గుండెను నమోదు చేసే యంత్రం కూడా అడుగు. యంత్రం అచ్చువేసిన అంకెను నమ్మి వదిలేయకుండా, రెండో లీడులో, అంటే కాగితం మీద II అని ఉన్న గీతలో, నువ్వే కొలిచి చూడు. అంత సన్నని విద్యుత్తును కొలిచే చేతులకు ఇది కష్టం కాదు. ఒకవేళ ఏదైనా తేలినా భయపడవలసినది లేదు. ప్రొప్రనలాల్, నాడలాల్ వంటి మందులతో ఈ మనుషుల్లో చాలామంది నిండు జీవితం గడుపుతున్నారు. ప్రసాదుకు ఆ మాత్రలు దొరకలేదు, అంతే. నీకు దొరుకుతాయి. నీ పనికి సెలవు పెట్టాల్సి వస్తే పెట్టు. మీ ప్రొఫెసరుగారికి కారణం చెప్పడానికి మొహమాటపడకు, ఈ విషయం ఆయనకంటే బాగా అర్థం చేసుకునేవారు ఎవరుంటారు?

గోంగూర పచ్చడి, కారప్పూస బుధవారం కొరియరులో వేయించాను. సీసా మూత చుట్టూ టేపు వేశాను, విప్పేటప్పుడు జాగ్రత్త. నాన్నకు సమయం చూసి నేనే చెబుతాను, నువ్వు చెప్పవద్దు. ఇ.సి.జి. కాగితం ఫోటో తీసి నా ఫోనుకే పంపు, బుజ్జి ఫోనుకు వద్దు. కాగితం కదిలిన వేగం, లీడు అన్నీ కనబడేలా కాగితం మొత్తం రావాలి. ఈ ఉత్తరం అందిన రోజే డాక్టరు దగ్గర సమయం తీసుకుని, ఏ తేదీ ఇచ్చారో నాకు ఫోను చేసి నీ నోటితో చెప్పు.

ఇట్లు,
అమ్మ