పది రూపాయల బిళ్ళ ఎందుకు నడవదు?

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో చిల్లర కొరత గురించి వచ్చిన వార్త చదివినప్పటి నుంచి రాయాలనుకుంటున్నాను. చిల్లరకు కొరత లేదండీ. మా ఇంట్లోనే బోలెడుంది. తీసుకునేవాళ్ళే లేరు.

సంక్రాంతికి వచ్చిన మా మనవరాలు తన గల్లగురిగి పగలగొట్టింది. మూడేళ్ళుగా నేనిచ్చిన పది రూపాయల బిళ్ళలు అందులో 86 ఉన్నాయి. స్కూలు బ్యాగు తన పైసలతోనే కొనుక్కుంటానని రుమాలులో మూటగట్టుకుని నా వెంట మా నల్లగొండ ప్రకాశం బజారుకు వచ్చింది. మూడు దుకాణాలు తిరిగాం. "సారూ, పది బిళ్ళలు నడుస్తలేవు, నోట్లుంటే ఇయ్యి" అని మూడు చోట్లా అదే మాట. బిళ్ళ మీద పది గీతలున్నదే అసలుదని ఒకరు, కాదు పదిహేను గీతలున్నదని ఇంకొకరు. మూడో ఆయన మాత్రం "నేను తీసుకుంటే నా దగ్గర ఎవరు తీసుకుంటరు సారూ" అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. నేరుగా బ్యాంకుకు పోయాను. లెక్కపెట్టే మనిషి లేడు, వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం పోతే మళ్ళీ అదే జవాబు. చివరికి నోట్లిచ్చి నేనే బ్యాగు కొనిచ్చాను. "తాతా, ఇవి ఉత్త బిళ్ళలా?" అని ఆ పిల్ల అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది.

2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. అప్పటికి పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో వచ్చాయని, అన్నీ చెల్లుతాయని చెప్పింది. అనుమానం ఉంటే 14440కి మిస్డ్ కాల్ ఇమ్మంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపై విలువ గల నాణేలతో 1,000 రూపాయల దాకా చెల్లించవచ్చు. మా పిల్ల మూటలో ఉన్నది 860. బ్యాంకులో జమ చేయడానికైతే ఆ పరిమితి కూడా లేదు. మరి ఈ మాట మన ఊళ్ళో ఎవరు చెప్పాలి?

నిజాం కాలంలో ఇక్కడి సంతల్లో హాలీ సిక్కా అనే నిజాం రూపాయి నడిచేదని, బ్రిటిష్ ఇలాకా నుంచి వచ్చిన కల్దారు రూపాయి కూడా నడిచేదని మా నాయన చెప్పేవారు. ఏడు హాలీకి ఆరు కల్దారు. అక్షరం ముక్క రాని రైతు కూడా ఆ లెక్క నోటితో చెప్పేవాడట. 1957లో అణాలు పోయి నయాపైసలు వచ్చినా జనం నేర్చుకున్నారు. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే నాణెం. మా అబ్బాయి ఉండే బెంగళూరులో కాదనకుండా తీసుకుంటున్నారు. మన దగ్గరే ఎందుకీ పట్టింపు?

పోనీ నోటిద్దామంటే ఏటీఎంలో వచ్చేవి ఎక్కువగా ఐదు వందలే. మందుల దుకాణంలో మూడు రూపాయలు తిరిగి రావాలంటే మూడు చాక్లెట్లు చేతిలో పెడతారు. నాకు షుగర్ ఉంది. అవే చాక్లెట్లు మర్నాడు మనం తిరిగిస్తే తీసుకుంటారా? స్కాన్ చేసి కట్టమంటారు, నేను కడతాను కూడా. కానీ గడియారం సెంటర్లో పాలకూర అమ్మే అవ్వకు ఫోనే లేదు. ఆమెకు నేనిచ్చే పది బిళ్ళను రాత్రికి కిరాణం దుకాణంలో తీసుకోకపోతే ఆమె ఆ రోజు ఏం కొనుక్కోవాలి? వారోత్సవాలకు, ఫ్లెక్సీలకు అధికారులకు తీరిక దొరుకుతుంది. ఈ అవ్వ సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

కలెక్టర్ గారికి నా విన్నపం ఒక్కటే. పది రూపాయల బిళ్ళలు తీసుకుంటామని ప్రతి బ్యాంకు గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు పెట్టించండి. వారానికి ఒక రోజైనా నాణేలు లెక్కపెట్టే మనిషిని కూర్చోబెట్టించండి. బ్యాంకు తీసుకుంటుందని తెలిస్తే దుకాణందారులకు భయం ఉండదు.

మనవరాలు వేసవి సెలవులకు మళ్ళీ వస్తుంది. 86 బిళ్ళలూ ఆ రుమాలు మూటలోనే బీరువాలో ఉన్నాయి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ