ఆ స్వెట్టర్‌ని ఒకసారి తిరగేసి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేజీలో చలికాలం ఫ్యాషన్ల గురించి రాస్తూ ఫెయిర్ ఐల్ అనే రంగురంగుల ఊలు స్వెట్టర్ల డిజైన్లు స్పెయిన్ నావికులు నేర్పారని ఒక్క ముక్కలో తేల్చేశారు, అది చదివాక ఉండబట్టలేక ఈ ఉత్తరం రాస్తున్నా. ఓడ సంగతి నిజమేనండి, 1588లో ఇంగ్లండ్ మీదికి స్పెయిన్ పంపిన ఆర్మడా అనే నౌకాదళంలోని ఎల్ గ్రాన్ గ్రిఫోన్ ఓడ ఫెయిర్ ఐల్ దీవి దగ్గరే రాళ్లకి కొట్టుకుని పగిలింది, అందులోవాళ్లు కొన్ని వారాలు అక్కడే తలదాచుకున్నారు. కానీ వాళ్లు అల్లిక నేర్పారనడానికి ఆధారం లేదు. ఇప్పుడు దొరుకుతున్న పాత రంగుల టోపీలు, సంచులూ 19వ శతాబ్దంవి, మధ్యలో ఎన్ని తరాలు గడిచాయో చూడండి.

ఫెయిర్ ఐల్ అంటే స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్‌నీ, షెట్లాండ్ దీవుల మధ్య ఐదు కిలోమీటర్ల పొడవున్న దీవి, ఇప్పుడు జనం వందమంది కూడా లేరు. అక్కడి ఆడవాళ్లు గుర్రపు వెంట్రుకలు కూరిన తోలు బెల్టు నడుముకి కట్టుకుని దాని చిల్లులో ఒక సూది గుచ్చి నడుస్తూ కూడా అల్లేవాళ్లు. షెట్లాండ్ అంతటా అప్పట్లో వీళ్ల అల్లికకి వ్యాపారులు చాలాసార్లు డబ్బు ఇవ్వకుండా టీ, బట్టలు లాంటి సరుకే చేతిలో పెట్టేవాళ్లు. 1922లో వేల్స్ యువరాజు ఆ స్వెట్టర్ వేసుకుని గోల్ఫ్ ఆడాక దేశమంతా దానికోసం ఎగబడింది.

మా అమ్మాయి దగ్గరికి స్కాట్లాండ్‌లోని అబర్‌డీన్ వెళ్లినప్పుడు ఒక షాపులో పెద్దావిడ స్వెట్టర్‌ని తిరగేసి నా చేతికిచ్చింది. ఎన్ని రంగులున్నా ఒక్కో వరసలో రెండే, ఒకటి అల్లుతుంటే రెండోది వెనకాలే వదులుగా సాగుతుంది, అందుకే ఊలు రెండు పొరలై అంత వెచ్చగా ఉంటుంది. వెనక దారం కాస్త బిగిస్తే ముందువైపు ముడతలే, నేను మొదట అల్లిన టోపీ అందుకే మా మనవడి తలకి పట్టలేదు. ఆ లోపలివైపు చూశాకే ఇది ఎంత ఓపికున్న చేతుల పనో నాకు తెలిసొచ్చింది.

ఇప్పుడు ఎక్కడో మెషీన్ మీద చేసినవాటికి కూడా అదే పేరు పెట్టి అమ్ముతున్నారు, మన పోచంపల్లి పేరుతో ప్రింట్ చీరలు అమ్మినట్టే. చేసినవాళ్ల పేరు పోవడానికి అదొక్కటి చాలదా, మనం కూడా ఆ కళని ఓడవాళ్లకి రాసిచ్చేయాలా? దయచేసి అదే పేజీలో చిన్న సవరణ వేయండి, స్పెయిన్ నావికులు అన్న చోట ఆ దీవి ఆడవాళ్లు అని.

ఇట్లు,
మీ పాఠకురాలు, విజయవాడ